చాట్‌లో చెప్పిన జవాబు ఎక్కడికి పోతుంది?

అందరికీ నమస్కారం. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌కి, చాట్ ఎక్కడ పెట్టుకుందాం అనగానే మొదట వినిపించే మాట "అందరూ డిస్కార్డ్‌లోనే ఉన్నారు కదా, అక్కడే పెట్టేద్దాం" అని. నిజమే, కొత్తగా వచ్చేవాళ్లలో చాలామందికి అకౌంట్ ఉండే ఉంటుంది, లింక్ నొక్కితే లోపలికొచ్చేస్తారు. నేను మాత్రం ఇంకోటి అడుగుతాను. ఈరోజు అరగంట కూర్చుని ఒకరికి చెప్పిన జవాబు, ఆర్నెల్ల తర్వాత అదే ఎర్రర్ వచ్చినవాళ్లకి గూగుల్‌లో వెతికితే దొరుకుతుందా? డిస్కార్డ్‌లో చెప్పింది మామూలుగా దొరకదు.

కంపెనీ నియమాలు మారడం రెండో సంగతి. స్లాక్ అనే చాట్ కంపెనీ 2018 మేలో ఐఆర్‌సీ, ఎక్స్‌ఎంపీపీ అనే పాత ఓపెన్ చాట్ పద్ధతుల నుంచి లోపలికి రానిచ్చే గేట్‌వేలు మూసేసింది, 2022లో ఉచిత ప్లాన్‌లో 90 రోజుల మెసేజ్‌లే కనబడేలా మార్చింది. అది వాళ్ల వ్యాపారం, వాళ్లిష్టం. కానీ ఏళ్ల తరబడి జరిగిన డిజైన్ చర్చలు మనవి, అవి ఇంకొకరి ధరల పట్టిక మీద ఆధారపడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ ఫ్రీనోడ్ కథ చెప్పాలి, అది చాలా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వాడిన ఐఆర్‌సీ నెట్‌వర్క్. 2021 మేలో ఆ నెట్‌వర్క్ ఎవరి చేతిలో ఉండాలనే గొడవ ముదిరి, నడిపే వాలంటీర్లు మూకుమ్మడిగా బయటికొచ్చి లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ పెట్టారు. ఉబుంటు, జెంటూ లాంటి పెద్ద ప్రాజెక్టులు కూడా అటే వెళ్లాయి. అంత త్వరగా ఎలా కుదిరిందంటే, ఐఆర్‌సీ 1988 నుంచి ఉన్న ఓపెన్ ప్రోటోకాల్ (ఎవరైనా వాడుకోగల పద్ధతి) కాబట్టి జనం తాము వాడే చాట్ యాప్‌లోనే సర్వర్ అడ్రస్ మార్చుకుని, పేరు మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే సరిపోయింది.

అలాగని అందరం ఐఆర్‌సీకే పోదాం అనట్లేదు. కనెక్షన్ తెగితే ఆ మధ్యలో జరిగింది మనకి రాదు, వేధించేవాళ్లని ఆపడమూ కష్టం. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా అంతటిది 2019లో నాలుగు ప్లాట్‌ఫామ్‌లని నిజంగా వాడి చూసి, మేట్రిక్స్ అనే ఓపెన్ చాట్ నెట్‌వర్క్ ఎంచుకుని, 2020 మార్చిలో తన ఐఆర్‌సీ సర్వర్ మూసేసింది. కోడ్ ఆఫ్ కండక్ట్ (ప్రవర్తన నియమాలు) అమలు చేయగలమా, స్క్రీన్ రీడర్ (తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు పాల్గొనగలరా అని కూడా చూశారు. మన చర్చల్లో ఈ రెండో ప్రశ్న దాదాపు రాదు, అది నాకు బాధగా ఉంటుంది.

మేట్రిక్స్‌లో గది చరిత్ర అందులో పాల్గొనే సర్వర్లన్నిటిలోనూ ఉంటుంది, అది పెద్ద భరోసా. పబ్లిక్ గదికి మాత్రం ఎన్‌క్రిప్షన్ (బయటివాళ్లు చదవలేకుండా వేసే తాళం) పెట్టకండి, ఒకసారి పెడితే తీసేయలేం, కొత్తవాళ్లకి పాత మాటలు కనబడవు. నన్నడిగితే సాంకేతిక చర్చకి జులిప్ అనే చాట్ యాప్ బాగుంటుంది: ప్రతి సంభాషణకీ ఒక టాపిక్ ఉంటుంది, మూడు రోజుల తర్వాత వచ్చినా తెగిన చోటే అందుకోవచ్చు, ఛానెల్‌ని లాగిన్ లేకుండా చదివేలా తెరిచిపెట్టొచ్చు. రస్ట్ ప్రోగ్రామింగ్ భాష తయారుచేసే టీములు మాట్లాడుకునేది అందులోనే. సొంత సర్వర్ జోలికి మాత్రం చిన్న ప్రాజెక్టులు వెళ్లొద్దు, అప్‌డేట్‌లు, బ్యాకప్‌లు చూసుకునే ఆ ఒక్క మనిషి అలసిపోతే మొత్తం ఆగిపోతుంది.

ఏది ఎంచుకున్నా ఒక పని మన మీదే ఉంటుంది. మా ప్రాజెక్టులో ఇన్‌స్టాలేషన్ గురించి ఒకే ప్రశ్నకి ఒకే వారంలో నాలుగుసార్లు జవాబు రాశాను, మొదటిసారే దాన్ని డాక్యుమెంటేషన్‌లోకి ఎక్కించి ఉంటే సరిపోయేది. ఇంకా, ఒక వారం వాడి చూశాక మొత్తం చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైల్లో ఎవరు ఎవరికి ఏం చెప్పారో చదివితే అర్థమవుతుంటేనే ఆ చాట్ లింక్‌ని రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్లో) పెట్టండి.