ఐఫ్రేమ్ పెట్టాం, మరి ఖాళీ డబ్బా ఎందుకొచ్చింది?

[తెరపై: ఒక వెబ్ పేజీ. మధ్యలో మ్యాప్, కింద వీడియో.]

వాయిస్: ఈ మ్యాప్ ఈ సైటుది కాదు. కిందున్న వీడియో కూడా కాదు. రెండూ వేరే సర్వర్ల నుంచి వచ్చాయి. ఇలా ఒక పేజీలో ఇంకో పేజీని చూపించే ట్యాగ్ పేరు ఐఫ్రేమ్. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. 1997లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4లోనే ఇది ఉంది. తెరను ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కలో ఒక్కో పేజీ చూపించే అప్పటి ఫ్రేమ్‌సెట్‌ను హెచ్‌టీఎంఎల్ 5 తీసేసింది, దీన్ని మాత్రం ఉంచింది.

[తెరపై: కోడ్ ఎడిటర్. ట్యాగ్ టైప్ అవుతోంది.]

రాయడం తేలికే. ట్యాగ్‌లో ఎస్ఆర్‌సీ (src) అనే చోట పేజీ అడ్రస్ ఇవ్వాలి, ట్యాగ్ మూసేయాలి. మూయడం మరిచిపోతే మాత్రం ఆ కింద మీరు రాసిందంతా పేజీలో కనిపించకుండా పోతుంది! కొలతలు చెప్పకపోతే బ్రౌజర్ 300 పిక్సెళ్ల వెడల్పు, 150 ఎత్తు తీసుకుంటుంది. లోపలి పేజీ ఎంత పొడవున్నా ఫ్రేమ్ దానంతట అది పెరగదు. టైటిల్ కూడా ఇవ్వండి, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు అందులో ఏముందో తెలుస్తుంది.

[తెరపై: పేజీ రిఫ్రెష్. ఫ్రేమ్ స్థానంలో బూడిదరంగు డబ్బా.]

అడ్రస్ కరెక్టే, విడిగా తెరిస్తే పేజీ వస్తోంది, ఇక్కడ మాత్రం రాదు. టెన్షన్ పడకండి, తప్పు మీ కోడ్‌లో కాకపోవచ్చు. తన పేజీని ఎవరు ఫ్రేమ్‌లో పెట్టుకోవచ్చో నిర్ణయించేది ఆ సైటు. పేజీతో పాటు సర్వర్ బ్రౌజర్‌కు పంపే సూచనను హెడర్ అంటారు. ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ అనే హెడర్‌లో 'డినై' అని పంపితే ఎవరూ పెట్టుకోలేరు, 'సేమ్‌ఆరిజిన్' అంటే ఆ సైటు పేజీలకే అనుమతి. ఫలానా సైట్లకు మాత్రమే ఇవ్వాలంటే ఫ్రేమ్-యాన్సెస్టర్స్ అనే కొత్త పద్ధతి ఉంది.

ఇంత పట్టుదల ఎందుకంటారా?

[తెరపై: 'బహుమతి గెలుచుకోండి' బటన్. దాని మీద పారదర్శకంగా బ్యాంకు పేజీ.]

మీరు నొక్కేది బహుమతి బటన్ అనుకుంటారు. దాని మీద కంటికి కనిపించని ఫ్రేమ్‌లో మీరు లాగిన్ అయిన బ్యాంకు పేజీ ఉంటుంది. క్లిక్ దానికి తగులుతుంది. ఈ మోసానికి 2008లో క్లిక్‌జాకింగ్ అని పేరు పెట్టారు.

[తెరపై: రెండు పేజీల మధ్య ఎర్ర గీత.]

ఫ్రేమ్ తెరుచుకున్నా, వేరే సైటు పేజీ లోపల ఏముందో మీ స్క్రిప్ట్ చదవలేదు. రెండు పేజీల అడ్రసుల్లో ప్రోటోకాల్ (హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్), డొమైన్ (సైటు పేరు), పోర్ట్ (సర్వర్ నంబర్) మూడూ ఒకటే అయితేనే బ్రౌజర్ ఒప్పుకుంటుంది. రెండు పేజీలూ మాట్లాడుకోవాలంటే సందేశాలు పంపే పోస్ట్‌మెసేజ్ అనే పద్ధతి వాడాలి, వచ్చిన సందేశం ఎవరు పంపారో చూశాకే నమ్మాలి.

నమ్మకం లేని పేజీ పెడుతున్నారా? ఐఫ్రేమ్ ట్యాగ్‌లో శాండ్‌బాక్స్ అని రాయండి. స్క్రిప్టులు, ఫారాలు, పాప్‌అప్‌లు అన్నీ ఆగిపోతాయి. కావాల్సినవే తిరిగి ఇవ్వండి. ఒక జాగ్రత్త: మీ సైటులోని పేజీకే స్క్రిప్టులు నడవనిచ్చే 'అలౌ-స్క్రిప్ట్స్', దాన్ని సొంత సైటు పేజీగానే చూడనిచ్చే 'అలౌ-సేమ్-ఆరిజిన్' రెండూ కలిపి ఇస్తే, ఆ పేజీ తన శాండ్‌బాక్స్‌ను తానే తీసేసుకోగలదు.

[తెరపై: డెవలపర్ టూల్స్, కన్సోల్ ట్యాబ్.]

ఇక ఆ బూడిదరంగు డబ్బా వస్తే కోడ్ మార్చే ముందు కన్సోల్ తెరవండి. ఏ హెడర్ అడ్డుకుందో ఎర్ర అక్షరాల్లో రాసి ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ పేజీలో హెచ్‌టీటీపీ అడ్రస్ ఇచ్చినందుకు బ్రౌజర్ ఆపేసినా అక్కడే తెలుస్తుంది.