దీవికీ దీవికీ మధ్య కబురు: ఉష్ణమండల జీవవైవిధ్య పరిశోధనలో పొరుగువారి పొత్తు

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, సభికులందరికీ నమస్కారం.

ఉష్ణమండల దీవుల జీవవైవిధ్యాన్ని కాపాడే ప్రాంతీయ వ్యవస్థల గురించి మాట్లాడమని నన్ను ఆహ్వానించారు. వాటి సమావేశాల, ఒప్పందాల చరిత్ర చెప్పేకంటే, అవి లేనప్పుడు ఏమైందో ముందుగా చెబితే విషయం త్వరగా బోధపడుతుందని నా ఉద్దేశం.

పసిఫిక్ దీవుల్లో పంటలను పాడుచేస్తున్న ఆఫ్రికా పెద్ద నత్తను అదుపు చేయడానికి రోజీ వుల్ఫ్ స్నెయిల్ అనే మాంసాహార నత్తను 1955లో హవాయిలో వదిలారు. అది ఆఫ్రికా నత్తల సంగతి అటుంచి, అడవిలో చెట్లపై బతికే చిన్న చిన్న స్థానిక నత్తలను వెతికి మరీ తినసాగింది. అయినా అదే నత్తను 1974లో ఫ్రెంచ్ పాలినీషియాలోని తాహితీ దీవిలో, 1977లో దాని పక్కనే ఉన్న మోరియాలో వదిలారు. మోరియాకే పరిమితమైన ఏడు పార్టులా నత్త జాతులు ఆ తర్వాత పదేళ్లలోనే అడవి నుంచి దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. వాటిలో కొన్ని జాతుల నత్తలను అప్పటికే సేకరించి జంతుప్రదర్శనశాలల్లో పెంచుతూ రావడం వల్ల, 2015 నుంచి వాటి సంతతిని తిరిగి ఆ దీవుల్లో వదలగలుగుతున్నారు. 1955కూ 1977కూ మధ్య 22 ఏళ్ల వ్యవధి ఉంది. ఆ కాలంలో మందు ఒక దీవి నుంచి మరో దీవికి చేరింది కాని, అది వికటించిన కబురు మాత్రం నిర్ణయం తీసుకునేవారి చేతిని ఆపేంత బలంగా చేరలేదు. ప్రాంతీయ వ్యవస్థ మొదటి బాధ్యత ఆ కబురును చేరవేయడమేనని నేను భావిస్తాను. విజయగాథలను మోయడానికి పత్రికలు, ప్రచారశాఖలు ఎలాగూ ఉన్నాయి.

ప్రపంచ భూభాగంలో దీవుల వాటా సుమారు 5 శాతం. అయితే 1500వ సంవత్సరం తర్వాత అంతరించిపోయినట్లు నమోదైన జాతులలో దాదాపు 60 శాతం దీవులవే. ఇంత బరువును మోయవలసిన ప్రభుత్వాలు చాలా చోట్ల అతి చిన్నవి. చేపల పరిరక్షణ, అడవులు, ఓడరేవులో మొక్కల తనిఖీ, అంతర్జాతీయ సమావేశాలకు నివేదికలు, ఇవన్నీ ఒకే గదిలో కూర్చున్న నలుగురైదుగురి మీద పడతాయి. నత్తల నిపుణుడు, నాచుల నిపుణుడు, ఎలుకల నిర్మూలనలో అనుభవం ఉన్నవాడు ప్రతి దీవికీ విడివిడిగా దొరకడం అసాధ్యం. పోనీ దూరాన ఉన్న ధనిక దేశపు విశ్వవిద్యాలయాన్ని అడగవచ్చు కదా అంటే, అడగవచ్చు, అడుగుతున్నారు కూడా. అయితే అదే వర్షాన్ని, అదే ఓడల రాకపోకలను, అదే చీడను, అంతే చిన్న బడ్జెట్టును చూసిన పొరుగు దీవి ఉద్యోగి చెప్పే మాటకు వేరే విలువ ఉంది.

ఎలుకల నిర్మూలననే చూద్దాం. ఓడలతో వచ్చిన ఎలుకలు పక్షుల గూళ్లలోని గుడ్లను, పిల్లలను తినేస్తాయి కనుక, హెలికాప్టర్ నుంచి విషపు ఎరను దీవి అంతటా చల్లి వాటిని పూర్తిగా తొలగించే పద్ధతి చల్లని ప్రాంతాల దీవుల్లో బాగా రూపుదిద్దుకుంది. ఉష్ణమండలంలో ఆ పద్ధతి తరచుగా బెడిసికొట్టింది. ఇక్కడ ఆకలి కాలమంటూ ప్రత్యేకంగా లేకపోవడం వల్ల ఎలుకలు ఏడాది పొడవునా పిల్లలు పెడతాయి. తిండికి లోటు లేనప్పుడు ఎరను ముట్టకుండానే బతికేస్తాయి. అన్నిటికంటే చిక్కు నేల పీతలతో వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసి ఎలుకలను చంపే ఆ విషం పీతలను చంపదు. కాబట్టి అవి రాత్రికి రాత్రే ఎరను ఊడ్చుకు తినేస్తాయి, ఎలుకకు మిగలదు. దక్షిణ పసిఫిక్‌లో ఉష్ణమండలపు అంచున ఉన్న హెండర్సన్ దీవిలో 2011లో ఇంత శ్రమా పడ్డాక కొద్దిపాటి ఎలుకలు మిగిలిపోయి, వాటి సంఖ్య మళ్లీ పెరిగింది. అదే ఏడాది మధ్య పసిఫిక్‌లోని పాల్మైరా పగడపు దీవుల్లో పీతల వాటాను కూడా లెక్కకట్టి ఎర మోతాదును బాగా పెంచారు. అక్కడి ఎలుకలు కొబ్బరిచెట్ల తలల్లో కాపురముంటాయని గుర్తించి, నీటిపైకి వంగిన చెట్ల మొవ్వుల్లోకి కూడా ఎరను చేర్చారు. ఎలుకలు పోయాయి. ఇలాంటి గెలుపోటములను పక్కపక్కన పెట్టి చూసిన తర్వాతే, 2015 నాటికి ఉష్ణమండల దీవులకంటూ ప్రత్యేకమైన మార్గదర్శకాలు తయారయ్యాయి. హెండర్సన్ వైఫల్యాన్ని దాచిపెట్టి ఉంటే ఆ పని అంత గట్టిగా జరిగేది కాదు.

పాల్మైరా కథకు కొనసాగింపు ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సరుకులతో పాటు పశ్చిమ పసిఫిక్‌లోని గువామ్ దీవిలోకి వచ్చిన గోధుమరంగు చెట్టుపాము, అక్కడి 12 స్థానిక అడవిపక్షి జాతులలో 10 జాతులను ఆ దీవిలో లేకుండా చేసింది. సిహెక్ అనే లకుముకి పిట్ట 1980ల చివరికి పంజరాల్లోనే మిగిలింది. 2024లో తొమ్మిది సిహెక్ పక్షులను పాల్మైరాలో వదిలారు. ఎలుకలూ పాములూ లేని చోటు అప్పటికి సిద్ధంగా ఉంది కనుకనే అది సాధ్యపడింది. సీషెల్స్‌లోనూ ఇదే తర్కం పనిచేసింది. 1968లో కజిన్ దీవిలో ముప్పైకి లోపుగా మిగిలిన సీషెల్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్టను ఆ తర్వాత మరో నాలుగు దీవులకు తరలించారు. ఇప్పుడు వాటి సంఖ్య వేలల్లో ఉంది. ఒక దీవికి తుఫానో ఎలుకో వచ్చినా జాతి మొత్తం పోదు.

సంస్థల విషయానికి వస్తే, సమోవా రాజధాని ఆపియా కేంద్రంగా 26 సభ్యులతో పనిచేసే పసిఫిక్ ప్రాంతీయ పర్యావరణ కార్యక్రమం, జాంజిబార్ కేంద్రంగా 1993 నుంచి నడుస్తున్న పశ్చిమ హిందూ మహాసముద్ర సముద్రశాస్త్ర సంఘం, డచ్ కరీబియన్‌లోని ఆరు దీవుల ఉద్యానాలను కలిపే ప్రకృతి కూటమి వంటివి పేరున్నవి. వీటిలో నాకు బాగా నచ్చిన నమూనా పసిఫిక్‌లో 2006లో మొదలైన ఆక్రమణ జాతుల (బయటి నుంచి వచ్చి స్థానిక జీవులను దెబ్బతీసే జాతుల) అభ్యాస వేదిక. సభ్యదేశంలో వ్యవసాయం, అడవులు, తనిఖీ శాఖల వారిని, స్వచ్ఛంద సంస్థల వారిని ఒకే జట్టుగా కూర్చమని అది అడుగుతుంది. పొరుగు దేశంతో మాట్లాడే ముందు పక్కగదితో మాట్లాడడం నేర్చుకోవాలన్నమాట.

ఇంకొక సంపద గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది ఎండబెట్టిన మొక్కలు. ఫిజీలోని సువాలో, 12 దేశాల ఉమ్మడి ఆస్తి అయిన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో, ప్రాంతీయ హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం ఉంది. ఒక దీవిలో కొత్తగా కనిపించిన తీగ ఆక్రమణ జాతా, అక్కడిదేనా అన్న ప్రశ్నకు జవాబు అలాంటి బీరువాల్లో దొరుకుతుంది. తేమ నిండిన ఉష్ణమండలంలో కాగితానికి అతికించిన కొమ్మను కాపాడటం తేలిక కాదు. బూజు పడుతుంది, చిన్న పెంకుపురుగులు చేరి పొడి చేసేస్తాయి. పురుగును చంపడానికి నమూనాలను కొన్ని రోజులు గడ్డకట్టే చలిలో ఉంచాలి, గదిలో తేమను పీల్చే యంత్రం ఆగకుండా నడవాలి. అంటే కరెంటు బిల్లు కట్టేవారు కావాలి. విరాళం ఇచ్చేవారు సాహసయాత్రకు ఇచ్చినంత ఉత్సాహంగా కరెంటు బిల్లుకు ఇవ్వరు. పైగా అనేక దీవుల మొక్కలకు మొదటిసారి పేరు పెట్టినప్పటి మూల నమూనాలు నేటికీ ఐరోపా నగరాల్లో ఉన్నాయి. ఛాయాచిత్రాలు అందుబాటులోకి రావడం మేలే. అయినా పువ్వును విప్పి చూడవలసి వచ్చినప్పుడు బొమ్మ చాలదు.

ఈ వ్యవస్థలకు లోపాలు లేకపోలేదు. పాత వలసపాలన గీసిన భాషా సరిహద్దులు పక్కపక్క దీవులను ఇప్పటికీ వేరుచేస్తున్నాయి. ఫ్రెంచిలో రాసిన నివేదిక ఇంగ్లిషు చదివే పొరుగువారికి అందదు. నమూనాలను సరిహద్దు దాటించడానికి అనుమతులు కావాలి. జన్యువనరుల లాభాలను న్యాయంగా పంచుకోవాలన్న నగోయా ఒప్పందం స్ఫూర్తితో వచ్చిన ఆ నియమాలు అవసరమైనవే అయినా, పొరుగు దీవుల మధ్య మార్పిడికి సులువైన దారిని విడిగా ఏర్పాటు చేసుకోవాలి. అసలు చిక్కు మాత్రం డబ్బు కాలపరిమితిదే. మూడేళ్ల ప్రాజెక్టు ముగియగానే సమన్వయకర్త ఉద్యోగం పోతుంది, అతనితో పాటు అందరి ఫోన్ నంబర్లూ, ఎవరికి ఏం తెలుసో అన్న ఎరుకా పోతాయి. 2006లో పలావు, మైక్రొనీషియా సమాఖ్య, మార్షల్ దీవులు, గువామ్, ఉత్తర మరియానా దీవులు కలిసి 2020 నాటికి తీరసముద్రంలో 30 శాతం, నేలలో 20 శాతం పరిరక్షిస్తామని ప్రకటించిన మైక్రొనీషియా సవాలులో, ఆ శాతాలకంటే నాకు ముఖ్యంగా తోచింది దానికి జోడించిన శాశ్వత నిధి. దాతల ఆసక్తి తగ్గినా వడ్డీ మీద కొంత పని నడుస్తుంది.

నిధులిచ్చే సంస్థల ప్రతినిధులు ఈ సభలో ఉన్నారు కనుక రెండు కోరికలు వారి ముందుంచి ముగిస్తాను. సమన్వయకర్త జీతాన్ని, హెర్బేరియం నిర్వహణ ఖర్చును కనీసం పదేళ్లకు కలిపి మంజూరు చేయండి. ప్రతి తుది నివేదికలోనూ ఏది పనిచేయలేదో, ఎందుకు పనిచేయలేదో రాసే అధ్యాయాన్ని తప్పనిసరి చేసి, దాన్ని రాసినందుకు తర్వాతి విడత నిధులు ఆగవని ఒప్పందంలోనే స్పష్టంగా చేర్చండి.