గెడ్డ నీళ్లు, చిల్లగింజలు, వీపు సంచిలో ఫిల్టరు

అక్క: నమస్కారం. విశాఖపట్నం నుంచి మళ్లీ మేమే. ఈసారి కిటికీలు మూసే రికార్డు చేస్తున్నాం, కాబట్టి పోయినసారిలా లారీ చప్పుడు వినిపించిందని ఎవరూ రాయనక్కరలేదు.

తమ్ముడు: రాసినవాళ్లందరికీ నమస్కారం. ఈ వారం విషయం, కొండల్లో నడిచేటప్పుడు వెంట తీసుకెళ్లే నీళ్ల ఫిల్టరు. గాజువాక నుంచి ఒక శ్రోత అడిగారు. చలికాలంలో అనంతగిరి వైపు నడక, వేసవిలో హిమాలయాలు. రెండు చోట్లకూ పనికొచ్చేది ఒకటే కొనాలట.

అక్క: ముందు నీళ్లు తేట చేసే చిల్లగింజల సంగతి చెప్పాలి.

తమ్ముడు: అక్కా, ఇంకా మొదలే పెట్టలేదు.

అక్క: సరే, నీ ఫిల్టర్లు కానీ. వదిలిపెట్టను మాత్రం.

తమ్ముడు: ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవన్నీ సన్నని బోలు పోగుల కట్టలే. పోగుల గోడల్లో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. నీళ్లు వాటిగుండా దూరి వస్తాయి, మలినం బయటే ఆగిపోతుంది. సాయర్ స్క్వీజ్, కటాడిన్ బీఫ్రీ అనే రెండు ఫిల్టర్లలోనూ రంధ్రం 0.1 మైక్రానే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సంచిలో నీళ్లు పట్టి పిండుకోవాలి. లైఫ్‌స్ట్రా అయితే గొట్టంతో పీల్చుకునేది. అది నాకు నచ్చదు. గెడ్డ ఒడ్డున బోర్లా పడుకుని తాగాలి, వంటకు నీళ్లు పట్టుకోవడానికి లేదు. నేనైతే సాయర్ కొనమంటాను. దాని మర మామూలు కూల్‌డ్రింక్ సీసాకు సరిపోతుంది. సంచి చిరిగితే ఏ బడ్డీకొట్టులోనైనా సీసా కొనుక్కోవచ్చు. బీఫ్రీ మూతి వెడల్పు, దాని సంచి దానికే ఉండాలి.

అక్క: అయితే అయిపోయినట్టేనా? ఇక నా వంతు.

తమ్ముడు: చెప్పు.

అక్క: అనంతగిరిలో మొదటి వాన పడ్డాక గెడ్డ ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఎర్రమట్టి నీళ్లు. వాటిని నీ సంచిలో పోసి పిండితే రెండో లీటరుకే వేళ్లు నొప్పి పెడతాయి, ధార చుక్కలవుతుంది. అమ్మమ్మ ఏం చేసేది? చిల్లగింజను రాతి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి గంధం తీసినట్టు అరగదీసేది. తెల్లని ముద్ద వచ్చేది. దాన్ని బిందెలో కలిపి వదిలేస్తే తెల్లవారేసరికి మట్టంతా అడుగున పేరుకునేది. పైనీళ్లు కదలకుండా ముంచుకునేవాళ్లం. రాత్రి గుడారం వేసిన చోట ఆ పని చేయడానికి ఏం కష్టం?

తమ్ముడు: కష్టం లేదు. కానీ తేటగా ఉన్నాయి కదా అని తాగేస్తారు. తేరినంత మాత్రాన అందులోని క్రిమి చావదు.

అక్క: చస్తుందని నేను అనలేదే! తేరిన నీళ్లు ఫిల్టరులో పోయమంటున్నాను. గింజ కొనేటప్పుడు మాత్రం తెలిసినవాళ్ల దగ్గరే కొనాలి. ముషిణి గింజ దీనికి దగ్గరి చుట్టం, అది విషం.

తమ్ముడు: ఆ మాట చెప్పావు, మంచిది. అయినా కొండ మీద ఊట దొరికితే ఈ అరగదీతలు అక్కరలేదని వాదించింది నువ్వే కదా?

అక్క: అక్కరలేదనే ఇప్పటికీ అంటాను. రాతి పగులులోంచి ఉబికే చోట, అక్కడికక్కడే చెయ్యి పెట్టి పట్టుకుంటే ఆ నీళ్లు మట్టి వడకట్టినవి.

తమ్ముడు: అక్కడికక్కడే అన్నావు చూడు, మెలిక అక్కడే ఉంది. ఎవరు పట్టుకుంటారు? ఊట కింద గుంట ఉంటుంది, అందరూ ముంచేది ఆ గుంటలోనే. పశువులు దిగేదీ అందులోకే. పైన ఊరు ఉంటే వాన నీరు ఊళ్లోంచే కొట్టుకొస్తుంది.

అక్క: పశువుల వల్ల వచ్చేవాటిని నీ ఫిల్టరు ఆపుతుంది కదా?

తమ్ముడు: ఆపుతుంది. విరేచనాలు తెచ్చే పరాన్నజీవులు రెండున్నాయి. జియార్డియా 8 నుంచి 12 మైక్రాన్లు, క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6. బాక్టీరియా కూడా ఆగుతుంది. మనిషి వల్ల వచ్చే కామెర్ల వైరస్ ఆగదు. హెపటైటిస్ ఎ, ఇ రెండూ సుమారు 0.03 మైక్రాన్లే. 0.1 రంధ్రంలోంచి హాయిగా దాటిపోతాయి. విదేశాల్లో, మైళ్ల దూరం మనిషి లేని అడవిలో నడిచేవాళ్లు వైరస్ గురించి పెద్దగా పట్టించుకోరు. మన కొండల్లో ప్రతి గెడ్డకూ పైన ఎవరో ఒకరు బతుకుతున్నారు. వాళ్ల మాటలు విని మనం ఫిల్టరు కొంటే ఎలా?

అక్క: నువ్వు ఢిల్లీ కథ చెప్పబోతున్నావు.

తమ్ముడు: చెప్పాలి అక్కా, కొత్తవాళ్లు వింటున్నారు. 1955 చివర్లో యమున దారి మారి, నజఫ్‌గఢ్ కాలువ మురుగు, ఢిల్లీకి తాగునీరు తోడే వజీరాబాద్ పంపుల దగ్గరకు ఎదురు తన్నింది. అధికారులు క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ పెరగలేదు. కామెర్లు మాత్రం 29 వేల మందికి పైగా వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని తేలింది చాలా ఏళ్ల తరువాత. గర్భిణులకు అది ప్రాణాంతకం.

అక్క: అయితే క్లోరిన్ కూడా పనికిరాదంటావా?

తమ్ముడు: మురికి నీళ్లలో వేస్తే దాని బలమంతా మురికికే ఖర్చవుతుంది. అందుకే ముందు వడకట్టాలి, తరువాత క్లోరిన్ మాత్ర వేయాలి, అరగంట ఆగాలి. క్రిప్టో క్లోరిన్‌కు లొంగదు, దాన్ని ఫిల్టరు ఆపుతుంది. ఫిల్టరు ఆపలేని వైరస్‌ను మాత్ర చూసుకుంటుంది. గాజువాక శ్రోతకు నా జవాబు ఇదే. ఫిల్టరు ఒక్కటే కొనకండి, మాత్రల అట్ట కూడా కొనండి.

అక్క: తేటగా ఉంటేనే మాత్ర పనిచేస్తుందన్నావు కదా? తేట చేసేది ఏమిటి మరి?

తమ్ముడు: నువ్వు గెలిచావు, సరేనా? ఒక గింజ కూడా వేసుకోండి.

అక్క: నేను నవ్వడానికి అనలేదు. మనం రెండు రోజులు తిరిగొస్తాం, సంచిలో ఫిల్టరు ఉంటుంది. ఆ గుంట నీళ్లే ఏడాదంతా తాగే పిల్లలున్నారు. మాత్రల అట్ట అక్కడ ఇచ్చి రావడం కాదు నేననేది. కనీసం మనం వెళ్లి వాళ్ల నీళ్లు పాడుచేయకూడదు. ఉదయం పూట గెడ్డ పక్కనే కూర్చునేవాళ్లను ఎంతమందిని చూశాం? చదువుకున్నవాళ్లే. నాకు ఒళ్లు మండిపోతుంది.

తమ్ముడు: కనీసం 60 మీటర్ల దూరం వెళ్లాలి, గొయ్యి తవ్వాలి, పూడ్చాలి. సబ్బు కూడా గెడ్డలో వాడకూడదు.

అక్క: ఈ ముక్క తీసేయకు. పోయినసారి తీసేశావు.

తమ్ముడు: తీయను.

అక్క: హిమాలయాల సంగతి చెప్పు, గాజువాక అమ్మాయి ఎదురుచూస్తుంది.

తమ్ముడు: ఒక్కసారి తడిసిన ఫిల్టరు గడ్డకట్టకూడదు. లోపలి నీరు మంచుగా మారి పోగులను చీల్చేస్తుంది, బయటికి ఏమీ కనిపించదు. నీళ్లు మామూలుగానే వస్తాయి, క్రిములతో సహా. రాత్రి దాన్ని పడక సంచిలోకి తీసుకుని పడుకోవాలి. లంబసింగిలో గుడారం వేసినా అంతే. అనుమానం వస్తే మరిగించడమే. ఒక నిమిషం తెర్లితే చాలు, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు. ఇంటికి వచ్చాక సిరంజితో వెనక నుంచి శుభ్రమైన నీళ్లు ఎక్కించి కడగాలి. మొదట వచ్చే గోధుమరంగు నీళ్లు చూస్తే అది ఎంత పని చేసిందో తెలుస్తుంది.

అక్క: ఇంకో ప్రశ్న ఉంది. ఋషికొండ నుంచి భీమిలి దాకా తీరం వెంట నడుస్తూ సముద్రపు నీళ్లు ఫిల్టరులో పిండుకుని తాగవచ్చా అని.

తమ్ముడు: కుదరదు. ఉప్పు కరిగి ఉంటుంది, 0.1 మైక్రాన్ దానికి అడ్డే కాదు. బొర్రా దగ్గర గోస్తని నీళ్లలో సున్నం కూడా అలాగే దాటిపోతుంది. తీరం నడకకు నీళ్లు మోసుకెళ్లాల్సిందే.

అక్క: చిల్లగింజ కూడా ఉప్పు తీయదు.

తమ్ముడు: ఈ మాట విడిగా దాచిపెట్టుకుంటాను.

అక్క: అమ్మ ఫోను. ఉండు, ఎత్తుతాను.