సెడాన్ కొనేటప్పుడు ఏ ఇంజిన్: మన్నిక లెక్క, ఖర్చు లెక్క

సభకు నమస్కారమండీ. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ పని చూసేవాణ్ణి. ఉపన్యాసాలు అలవాటు లేదు. అందుకే రెండు ఇనప ముక్కలు వెంట తెచ్చుకున్నాను, మాట తడబడినప్పుడు వాటిని చూపిస్తాను. విషయం మీరే ఇచ్చారు: సెడాన్ కొనాలనుకునేవాళ్ళు పెట్రోలు, డీజిల్, టర్బో, సీఎన్‌జీ, హైబ్రిడ్‌లలో ఏది తీసుకోవాలి, ఏది ఎక్కువ కాలం వస్తుంది, చివరికి ఏది చవక అని. ఊరంతా ఎస్‌యూవీల వెంట పడుతుంటే సెడాన్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారు, సంతోషం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ రోజుల్లో పేరున్న ఏ కంపెనీ ఇంజిన్ అయినా, ఆయిల్ వేళకు మారుస్తూ ఉంటే, పిస్టన్లూ క్రాంకూ అరిగిపోయి షెడ్డుకు రావడం అరుదు. రెండు లక్షల కిలోమీటర్ల దాకా లోపల చెయ్యి పెట్టే అవసరమే రాదు. మాకు పని తెచ్చేవి ఇంజిన్‌కి తగిలించిన సరంజామా: టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి అదనంగా గాలి నొక్కే పంకా), ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, సైలెన్సర్ లైన్లో ఫిల్టరు, ఆటోమేటిక్ గేరుబాక్సు. కాబట్టి "ఈ ఇంజిన్‌ని నమ్మొచ్చా?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. దానికి ఏమేం తగిలించారు? మీరు రోజూ ఎంత దూరం, ఏ రోడ్డు మీద తిప్పుతారు?

డీజిల్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మన దగ్గర ఇప్పటికీ చాలామంది మనసు దాని మీదే ఉంది. 2012లో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు పలికిన రోజుల్లో డీజిల్ 41. పెట్రోలు ధర మీద నియంత్రణ 2010లోనే తీసేశారు, డీజిల్ మీద 2014 అక్టోబరు దాకా ఉంచారు. ఆ నాలుగేళ్ళలో డీజిల్ సెడాన్ కొనని ట్రావెల్స్ లేదు. స్విఫ్ట్ డిజైర్, ఫియట్ లీనియా, ఇండిగో మాంజా, ఎస్ఎక్స్4, తర్వాత సియాజ్, అన్నింటి బానెట్ కింద ఉన్నది ఒకటే, ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్. మారుతి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. దాన్ని భారతదేశపు జాతీయ ఇంజిన్ అని సరదాగా అనేవాళ్ళు, అందులో అతిశయోక్తి పెద్దగా లేదు.

ఆ ఇంజిన్‌కి తెలిసిన బలహీనత ఒకటుంది, టైమింగ్ చైను, అంటే పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు వేళకు తెరుచుకునేలా చూసే గొలుసు. ఆయిల్ మార్చడం వాయిదా వేస్తూ పోతే చైను సాగుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరమని, తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. ఓనరు ఆ శబ్దాన్ని పట్టించుకోడు. పట్టించుకున్నవాడు చైను, టెన్షనరు మార్పించుకుని బయటపడతాడు. వదిలేసినవాడికి ఒక రోజు చైను పళ్ళు తప్పి వాల్వులు పిస్టన్ మీద పడతాయి. అప్పుడు బిల్లు చూసి "డీజిల్ ఇంజిన్ దండగ" అంటాడు. దండగ ఇంజిన్ కాదండీ, దాటేసిన ఆయిల్ సర్వీసు. అదే ఇంజిన్‌తో మూడు లక్షలు దాటిన ట్యాక్సీలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. టయోటా ఎటియోస్ 1.4 డీజిల్ అయితే ఇంకా మొండిది. 68 హార్స్ పవరే, పరుగు తక్కువ, ఒత్తిడీ తక్కువ. ట్రావెల్స్ వాళ్ళు దాన్ని ఊరికే ప్రేమించలేదు.

మరి అలాంటి డీజిల్ సెడాన్ ఎందుకు పోయింది? ధరల తేడా తగ్గిపోయింది కాబట్టి అంటారు. కొంతవరకే నిజం. ఒకే సెడాన్ పెట్రోలు మీద లీటరుకు 14, డీజిల్ మీద 19 ఇస్తుందనుకుందాం. 2012 ఢిల్లీ ధరల్లో డీజిల్ వాడితే కిలోమీటరుకు సుమారు 3 రూపాయలు మిగిలేది. 2025లో ఢిల్లీలో పెట్రోలు 95, డీజిల్ 88 దగ్గర ఉండేవి. ఆ లెక్కన ఇప్పటికీ 2 రూపాయల పైచిలుకు మిగులుతుంది. అప్పటి మూడు రూపాయల విలువ ఇప్పటి రెండు రూపాయలకు లేదు, నిజమే. అయినా డీజిల్‌ని నిజంగా దెబ్బ తీసింది 2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్6 అనే కాలుష్య నిబంధన. మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే సరంజామా, సెన్సర్ల మీద సెన్సర్లు వచ్చి ఇంజిన్ ధర పెరిగింది. మారుతి అదే రోజు నుంచి డీజిల్ మానేసింది. 2023 ఏప్రిల్‌లో బండిని రోడ్డు మీద నడిపి పొగను కొలిచే నిబంధన రావడంతో హోండా సిటీ డీజిల్ ఆగింది, కొత్త వెర్నా డీజిల్ లేకుండానే వచ్చింది. క్రెటా లాంటి ఎస్‌యూవీల్లో డీజిల్ ఇంకా అమ్ముడవుతోంది. మామూలు ధరల సెడాన్లలో మాత్రం మీకు దొరికేది సెకండ్ హ్యాండే.

అలా బీఎస్6 డీజిల్ కొనేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. డీపీఎఫ్‌లో పేరుకున్న మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, పదిహేను ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడవాలి. నాకు తెలిసిన రిటైరైన పెద్దాయన ఒకరు పొద్దున రైతుబజారు, సాయంత్రం గుడి, అంతకు మించి బండి తీయరు. మూడు నెలలకోసారి డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ దీపం వెలిగేది. "బాబూ, హైవే ఎక్కి గుడివాడ దాకా వెళ్ళి రమ్మంటావు ప్రతిసారీ, నాకు గుడివాడలో ఏం పని?" అని కోప్పడేవారు. ఆయన కోపంలో న్యాయముంది. బండిలో లోపం లేదు, ఆయనకు ఆ బండి అక్కర్లేదు, అంతే. ఇక కొందరు ఆ ఫిల్టరును కోయించి పారేస్తారు. అలాంటి బండి కొంటే పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర తంటా మీదే.

మామూలు పెట్రోలు దగ్గర ఇంత మాట్లాడేదేమీ లేదు, దాని గొప్పతనం అదే. హోండా సిటీ 1.5 ఐవీటెక్, వెర్నా 1.5 ఎంపీఐ, డిజైర్ 1.2, టర్బో లేని బళ్ళు. ఇంధనాన్ని ఇన్‌టేక్ పోర్టులోనే చల్లుతాయి, అది వాల్వు మీదుగా లోపలికి పోతూ దాన్ని కడిగేస్తుంది. ఇదిగో, ఈ వాల్వు చూడండి. ఇది నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే ఇంజిన్‌లోంచి తీసింది. మెడ చుట్టూ నల్లగా పొక్కులు కట్టిన ఈ పెచ్చు కనిపిస్తోందా? గోరుతో గీస్తే రాదు. దీన్ని తీయడానికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి. పోర్ట్ ఇంజెక్షన్‌లో ఈ బాధ దాదాపు లేదు. మామూలు పెట్రోలుకు ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, ఎప్పుడో స్పార్క్ ప్లగ్గులు, ఇంజిన్ మౌంటింగులు. పదేళ్ళకు ఖర్చు ఇంతవుతుందని ముందే చెప్పగలిగేది ఇదొక్కటే. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్‌లో నాలుగు సిలిండర్ల బదులు మూడు సిలిండర్ల ఇంజిన్ పెట్టారు. కంపెనీ లీటరుకు 24.79 అంటుంది, ఊళ్ళో ఏసీ వేసుకుని తిరిగితే 18 అనుకోండి. ఐడ్లింగ్‌లో కాస్త వణుకుడు ఉంటుంది, దానికి అలవాటు పడాల్సిందే.

టర్బో పెట్రోలు నడిపినవాళ్ళు వెనక్కి రారు, నేనూ కాదనను. వెర్నా 1.5 టర్బో 160 పీఎస్, వర్టస్, స్లావియాల్లో 1.5 టీఎస్ఐ 150 పీఎస్. హైదరాబాద్ హైవే మీద లారీని దాటేటప్పుడు ఆ పికప్ విలువ తెలుస్తుంది. కానీ టర్బో తిరిగేది నిమిషానికి లక్ష చుట్లకు పైగా, ఆ బేరింగును కాపాడేది ఆయిల్ పొర ఒక్కటే. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే పోయాలి, చవక డబ్బా పనికిరాదు. హైవే దిగగానే ఠక్కున ఆఫ్ చేయకుండా ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచాలి. ఇక ఆటోమేటిక్ సంగతి. రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునే డ్యూయల్ క్లచ్ గేరుబాక్సుకు బెంజి సర్కిల్ ట్రాఫిక్ పడదు. అంగుళం అంగుళం జరుపుతుంటే క్లచ్ జారుతూనే ఉంటుంది, ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ అయితే వేడెక్కి అరుగుతుంది. వారంటీలో ఉన్నంతకాలం మీకు బాధ లేదు. దాటాక క్లచ్ ప్యాకు, దాన్ని నడిపించే యూనిట్టు మార్చాల్సి వస్తే లక్షల్లో మాట. టర్బో కావాలా, మాన్యువల్ గేరుతో తీసుకోండి. లేదా ఎక్స్‌టెండెడ్ వారంటీ మొదటి రోజే కట్టండి, ఐదేళ్ళ తర్వాత అమ్మేయండి.

సీఎన్‌జీ లెక్క తేలిక. విజయవాడలో పెట్రోలు 110, గ్యాసు కిలో 95 అనుకుందాం. డిజైర్ పెట్రోలు మీద 18, గ్యాసు మీద 26 ఇస్తే కిలోమీటరుకు 6 రూపాయల 10 పైసలు ఒకవైపు, 3 రూపాయల 65 పైసలు ఇంకోవైపు. బండి ధరలో తేడా పన్నుతో కలిపి లక్షా పది వేలైతే, 45 వేల కిలోమీటర్లకు డబ్బు తిరిగొస్తుంది. నెలకు నాలుగు వేలు తిప్పే క్యాబ్ డ్రైవరుకు ఏడాది పట్టదు. నెలకు ఎనిమిది వందలు తిప్పే గుమస్తాకు నాలుగున్నరేళ్ళు పైనే, పైగా డిక్కీలో సూట్‌కేసు పట్టదు. గ్యాసుకు పెట్రోలులో ఉన్న తడి ఉండదు, వేడి ఎక్కువ. వాల్వ్ సీట్ల మీద, ప్లగ్గుల మీద భారం పడుతుంది. అందుకే కంపెనీ బిగించిన కిట్టే తీసుకోండి, వాళ్ళు సీట్లు గట్టివి వేస్తారు. మూడేళ్ళకోసారి గ్యాసు సిలిండర్‌కు హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష, మర్చిపోవద్దు. ఇది ప్రాణంతో పని.

హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న బండి, దాని మీద నాకు గౌరవముంది. హోండా సిటీ ఈహెచ్ఈవీలో మామూలు గేరుబాక్సే లేదు. ఊళ్ళో ఎక్కువసేపు బండిని లాగేది మోటారు, ఇంజిన్ జనరేటరును తిప్పుతూ ఉంటుంది. అరిగే వస్తువులు తక్కువ, బ్రేకు ప్యాడ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి. బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఉంది. మన్నికలో వంక పెట్టలేను. లెక్కలో పెడతాను. పెట్రోలు సిటీ ఊళ్ళో 14, హైబ్రిడ్ 21 ఇస్తే కిలోమీటరుకు మిగిలేది 2 రూపాయల 60 పైసలు. ధర తేడా మూడు లక్షలనుకుంటే, జీవిత పన్ను బండి ధర మీదే కదా, బీమా కూడా అంతే, అవన్నీ కలిసి మూడున్నర దాటుతుంది. లక్షా ముప్ఫై వేల కిలోమీటర్ల పైన తిప్పితే గానీ గిట్టదు. ఏడాదికి పన్నెండు వేలు తిప్పేవాళ్ళకు పదకొండేళ్ళు. నిశ్శబ్దం కోసం, సుఖం కోసం కొంటే కొనండి. ఆదా కోసమని మాత్రం ఇంట్లో చెప్పకండి, ఆవిడ లెక్క వేస్తారు.

పన్ను మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు బండికి జీఎస్టీ 18 శాతం, అంతకు మించితే 40. డిజైర్‌ను 2012లో నాలుగు మీటర్ల లోపుకు కత్తిరించింది ఇలాంటి పన్ను తేడా కోసమే. పెద్ద సెడాన్‌కు వెళ్ళే ముందు ఆ ఇరవై రెండు శాతం దేనికి కడుతున్నామో ఆలోచించుకోవాలి.

ఈ20 పెట్రోలు గురించి చీటీ పంపారెవరో. అందులో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతారు, ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ తగ్గుతుంది. పాత బళ్ళలో ఆరేడు శాతం అని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. 2023 ఏప్రిల్‌కు ముందు బండి అయితే రబ్బరు పైపులు, సీళ్ళు సర్వీసింగ్‌లో ఒకసారి చూపించండి. నెలల తరబడి ట్యాంకులో అదే పెట్రోలు ఉంచి బండి పక్కన పెట్టకండి.

ఇప్పుడు ఈ రెండో ముక్క, పిస్టన్‌ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్. పక్కన పెట్టిన కొత్తదానితో పోల్చి చూడండి, నడుము దగ్గర వంగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మునిగిన సెడాన్‌లోది. నీరు తీశాక ఓనరు ఆత్రంగా సెల్ఫ్ కొట్టాడు. సిలిండర్‌లో గాలి ఉంటే నొక్కుకుంటుంది, అందులో చేరిన నీళ్ళు నొక్కుకోవు, వంగింది ఈ రాడ్. సెల్ఫ్ కొట్టకుండా టోయింగ్ చేయించిన పక్కింటివాళ్ళ బండి, ప్లగ్గులు తీసి, నీళ్ళు వంపి, ఆయిళ్ళు మార్చితే నడిచింది. అది పెట్రోలా డీజిలా అన్న తేడా ఇక్కడ ఏమీ లేదు. మామూలు బీమా పాలసీ ఇలాంటి నష్టానికి సాధారణంగా డబ్బివ్వదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టాలి. బుడమేరు పక్కన, పల్లపు వీధుల్లో ఉండేవాళ్ళు అది కట్టకుండా ఏ ఇంజిన్ కొన్నా నేను ఒప్పుకోను.

చివరిగా పాత డీజిల్ ఉన్నవాళ్ళ మాట. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి అక్కడి బళ్ళు చవకగా ఇటు వస్తున్నాయి. ధర చూసి మోజు పడకండి. మీటరు తిప్పిన బండి, వానలో మునిగిన బండి కూడా అందులోనే కలిసి వస్తుంది. సర్వీసు రికార్డు లేకపోతే బేరమే ఆడొద్దు. అదే మీ సొంత మల్టీజెట్ డిజైర్, మీరే కొన్నది, మీరే ఆయిల్ మార్పించినది, లక్షన్నర తిరిగినది అనుకోండి. దాన్ని మూడు లక్షల్లోపు ధరకు అమ్మేసి, పది లక్షలు అప్పు చేసి కొత్త పెట్రోలు కొంటే మైలేజీలో ఏమీ మిగలదు, వడ్డీ మాత్రం మిగులుతుంది. చైను, క్లచ్ చూపించుకుని, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చెవి పెట్టి వింటూ, ఇంకో నాలుగేళ్ళు తిప్పండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, మొదట వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయి.