తీగ అక్కర్లేదు, కాగితం తప్పదు: గ్రిడ్‌కు దూరంగా బతికేవారి భూమి హక్కులు

అందరికీ నమస్కారం.

కరెంటు తీగ, కుళాయి నీళ్లు, మురుగు లైను ఏవీ లేకుండా బతకాలనుకునేవాళ్లలో చాలామంది ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎవరూ పట్టించుకోని భూమిలో పన్నెండేళ్లు ఉంటే అది మనదే అవుతుందట కదా, ఇంక డబ్బు పోసి కొనడం దేనికి?" ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని నమ్ముకుని బోరు వేసి, స్లాబు పోసి, ఆఖరికి కోర్టు నోటీసు అందుకునేవాళ్లు ఉంటారు. అందుకే ఈరోజు ఆ రెండో సగం గురించే ఎక్కువ మాట్లాడతాను.

ముందు చట్టం ఎలా పనిచేస్తుందో చూద్దాం. దీన్ని ప్రతికూల స్వాధీనం అంటారు. భూమిలో ఉన్నవాడు మంచివాడనో, పేదవాడనో చట్టం అతనికి భూమి ఇవ్వడం లేదు. తన భూమిలో పరాయివాడు దర్జాగా కూర్చున్నా దావా వేయని యజమానికి, ఒక గడువు దాటాక దావా వేసే హక్కు లేకుండా చేస్తోంది, అంతే. భారతదేశంలో 1963 నాటి కాలపరిమితి చట్టం 65వ అధికరణం ప్రకారం ఆ గడువు 12 ఏళ్లు. గడువు తీరితే యజమాని హక్కే అంతరిస్తుందని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. అంటే ఈ లెక్క మొత్తం యజమాని వైపు నుంచి నడుస్తుంది. అతను చూడగలిగాడా, చూసి అభ్యంతరం పెట్టగలిగాడా, అయినా ఊరుకున్నాడా అన్నదే కోర్టుకు కావాలి.

అందుకే షరతులు మూడు: బలవంతంగా ఉండకూడదు, చాటుగా ఉండకూడదు, యజమాని అనుమతితో ఉండకూడదు. అసలు చిక్కు రెండో షరతు దగ్గర వస్తుంది. గ్రిడ్‌కు దూరంగా ఉండాలనుకునేవాళ్లు సహజంగా రోడ్డు మీదికి కనబడని చోటు వెతుక్కుంటారు. పొగ కూడా పైకి రాని పొయ్యి, ఆకుపచ్చ రంగు వేసిన గుడిసె, చెట్ల మధ్య ప్యానెళ్లు. ఇలా ఎంత బాగా దాగితే అంత ప్రశాంతత. కానీ దాగి గడిపిన కాలం లెక్కలోకి రాదు. పదిహేనేళ్లు ఎవరికీ తెలియకుండా ఉన్నవాడికంటే, దారిన పోయే ప్రతివాడికీ కనబడేలా కంచె వేసి గేటుకు తాళం పెట్టినవాడి కేసు బలంగా నిలుస్తుంది. మీటరు లేదు, బిల్లు లేదు, చిరునామా లేదు అంటే ప్రశాంతతే కాదు, రుజువులు కూడా లేవన్నమాట.

గడువు అన్నిచోట్లా ఒకటి కాదు. కాలిఫోర్నియాలో 5 ఏళ్లే. వినడానికి బాగుంది కదా? అయితే ఆ అయిదేళ్లూ ఆ భూమి మీద వేసిన పన్ను మీరే కట్టి ఉండాలి. న్యూజెర్సీలో మామూలు భూమికి 30 ఏళ్లు, అడవికీ సాగులో లేని భూమికీ 60 ఏళ్లు. గ్రిడ్ బయట జీవించేవారు వెతికేది సరిగ్గా ఆ రెండో రకమే. ఫ్రాన్స్‌లో 30 ఏళ్లు. సరైన దస్తావేజుతో, భూమి తనదేనన్న నిజమైన నమ్మకంతో ఉంటే 10. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2002 నాటి భూమి రిజిస్ట్రేషన్ చట్టం ఆటనే మార్చేసింది. రిజిస్టరైన భూమిలో 10 ఏళ్లు ఉన్నాక దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టగానే రిజిస్ట్రీ యజమానికి ఉత్తరం రాస్తుంది. 65 పనిదినాల్లోగా అతను అభ్యంతరం చెబితే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, దరఖాస్తు పోయినట్టే. మిమ్మల్ని ఖాళీ చేయించడానికి అతనికి రెండేళ్లు దొరుకుతాయి. నిద్రపోతున్న యజమానిని మీ చేత్తో మీరే లేపినట్టు.

బ్రెజిల్ వేరే దారి పట్టింది. 1988 రాజ్యాంగం 191వ అధికరణం ప్రకారం, వేరే ఆస్తి లేనివాడు గ్రామీణ ప్రాంతంలో 50 హెక్టార్లకు మించని భూమిలో 5 ఏళ్లు అడ్డులేకుండా కాపురం ఉండి, తన కష్టంతో, కుటుంబ కష్టంతో దాన్ని సాగులోకి తెస్తే హక్కు వస్తుంది. యజమాని నిద్ర కంటే ఉన్నవాడి చెమటను లెక్కలోకి తీసుకున్న చట్టమిది. నా ఉద్దేశంలో మిగతావాటికంటే ఇదే న్యాయంగా ఉంది. కానీ అక్కడ కూడా ప్రభుత్వ భూమి మీద ఇది చెల్లదని స్పష్టంగా రాసి పెట్టారు.

ప్రభుత్వ భూమి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే "ఎవరిదీ కాని భూమి" అని జనం అనుకునేది చాలావరకు అదే. భారతదేశంలో ప్రభుత్వంపై గడువు 30 ఏళ్లు. కాగితం మీద అది ఉన్నా, ఆక్రమణల చట్టాల కింద మధ్యలో ఎప్పుడైనా ఖాళీ చేయించవచ్చు. అమెరికా ఫెడరల్ భూమి మీద అయితే ఎన్నేళ్లున్నా హక్కు పుట్టదు. అక్కడ భూ నిర్వహణ శాఖ కింది భూముల్లో చాలాచోట్ల ఒకేచోట 28 రోజుల్లో 14 రోజులకు మించి మకాం ఉండకూడదు. స్థిరపడి సాగుచేసేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం ఇంకా ఉందనుకునేవాళ్లు కొందరున్నారు. దాన్ని 1976లోనే రద్దు చేశారు, అలాస్కాకు మాత్రం మరో పదేళ్లు మినహాయింపు ఇచ్చారు. కాలిఫోర్నియా ఎడారిలో పాత సైనిక శిబిరం స్థలంలో వెలిసిన స్లాబ్ సిటీలో జనం దశాబ్దాలుగా సోలార్‌తో, తెచ్చుకున్న నీళ్లతో ఉంటున్నారు. వాళ్లు ఆ భూమిని అనుభవిస్తున్నారే తప్ప దాని మీద హక్కు లేదు. కోపెన్‌హాగన్‌లో 1971లో సైనిక బ్యారక్‌లను ఆక్రమించి క్రిస్టియానియా అనే కాలనీ కట్టుకున్నవారిని చూడండి. నలభై ఏళ్ల తర్వాత, 2011లో డెన్మార్క్ సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదే అంది. మరుసటి సంవత్సరం ఒక ఫౌండేషన్ పెట్టి కొనుక్కోవలసి వచ్చింది.

మరి ఈ చట్టం ఎక్కడా పనిచేయదా అంటే, పనిచేస్తుంది. లండన్‌లో హాంప్‌స్టెడ్ హీత్ అనే పెద్ద పార్కు పక్కన చెట్ల మధ్య గుడిసెలో సుమారు ఇరవై ఏళ్లున్న ఒక వృద్ధుడికి 2007లో ఆ స్థలంపై హక్కుపత్రం వచ్చింది. కానీ ఇలాంటివి అరుదు. ఎక్కువగా గెలిచేవి హద్దు తగాదాలు: కంచె పది అడుగులు అటు పడింది, దస్తావేజులో కొలత తప్పింది, పక్కవాడు ఇరవై ఏళ్లు ఊరుకున్నాడు. 1970లో వాషింగ్టన్ రాష్ట్రంలో హోవర్డ్, కుంటో కేసు అలాంటిదే. అక్కడ వరసగా ఇళ్లున్నాయి, ఒక్కొక్కరి దస్తావేజు మాత్రం వాళ్లున్న స్థలానికి కాక పక్క స్థలానికి ఉంది. వేసవిలో మాత్రమే వచ్చి ఉండే ఇంటికి వేసవి అనుభవమే నిరంతర అనుభవమని కోర్టు అంది. ముందు కొన్నవాళ్ల కాలాన్ని కూడా కలుపుకోనిచ్చింది. ఏడాదిలో కొన్నాళ్లే ఉండేవారికి ఇది పనికొచ్చే సూత్రం. అయితే ఒకరి తర్వాత ఒకరు చేతులు మారినట్టు ఆధారం ఉండాలి. పాతవాడు వెళ్లిపోయి, గుడిసె ఖాళీగా ఉండి, ఆపైన మీరు దూరితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు.

ఇప్పటికే అలాంటి స్థలంలో ఉన్నవారు ఏం దాచుకోవాలి? భారత సుప్రీంకోర్టు 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో అయిదు విషయాలు చెప్పమంది: ఏ తేదీన స్వాధీనంలోకి వచ్చారు, ఏ తీరున, ఆ సంగతి అవతలివారికి తెలుసా, ఎంతకాలం సాగింది, బాహాటంగా, అడ్డులేకుండా సాగిందా. మొదటిదాని దగ్గరే చాలామంది తడబడతారు. "చాలాకాలంగా" అన్నది తేదీ కాదు. కంచె స్తంభాల రసీదు, పన్ను రసీదులు, తేదీతో ఉన్న ఫొటోలు, ఇరుగుపొరుగు ఇద్దరి ప్రమాణపత్రాలు, ఏటేటి ఉపగ్రహ చిత్రాలు తీసి పెట్టుకోండి. ఉపగ్రహ చిత్రం మాత్రం రెండువైపులా పదునున్న సాక్ష్యం. మీ పైకప్పు ఏ ఏడాది మొదట కనబడిందో యజమాని లాయరు కూడా అందులోనే చూస్తాడు.

కాలాన్ని తెంచేవి కూడా తెలిసి ఉండాలి. యజమానికి అద్దె కింద ఏం ఇచ్చినా, అతని దగ్గర కాపలా పనికి ఒప్పుకున్నా, "ఉంటే ఉండు" అన్న అతని మాట రుజువైనా, మీది అనుమతితో కూడిన ఉనికి అయిపోతుంది. అలా యాభై ఏళ్లున్నా హక్కు రాదు. "మీ భూమి నాకు అమ్మండి" అని సంతకం పెట్టి రాసిన ఉత్తరం చాలా దేశాల్లో గడియారాన్ని వెనక్కి తిప్పుతుంది. దావాలో ఇంకో పొరపాటు: ఈ భూమి మా తాత కొన్నాడని ఒక పేరాలో, కాదంటే ప్రతికూల స్వాధీనం అని మరో పేరాలో రాయడం. యజమాని మరొకడని ఒప్పుకుంటేనే ప్రతికూల స్వాధీనం ఉంటుంది. రెండూ పొసగవని పైన చెప్పిన తీర్పులోనే ఉంది. నోటీసు వస్తే ఆ రాత్రే ఆవేశంగా జవాబు రాయకండి. హక్కు కోరాలా, కొనాలా, లీజు అడగాలా అన్నది ముందు తేల్చుకుని, ఆ మాట లాయరు ద్వారా వెళ్లనివ్వండి.

ఇక కొనడం సంగతి. చవకగా దొరికే మారుమూల భూమికి ఆ ధర ఊరికే రాదు. నూటికి తొంభై సార్లు కారణం దారి. నేల మీద బండిజాడ కనబడినంత మాత్రాన దారి హక్కు ఉన్నట్టు కాదు. పక్కవాడు మంచితనంతో వెళ్లనిస్తున్నాడేమో, రేపు వాడు అమ్మేస్తే కొత్తవాడు గొలుసు కడతాడు. దారి హక్కు రాతలో, రిజిస్టరై, వెడల్పుతో సహా ఉండాలి. నీళ్ల ట్యాంకరు, బోరు బండి రావాలంటే కనీసం 4 మీటర్లు చూసుకోండి. మలుపుల దగ్గర ఇంకా ఎక్కువ కావాలి.

తర్వాత హద్దులు. ఫోన్‌లో చుక్కలు పెట్టుకుని కొనేవాళ్లున్నారు. ఫోన్ జీపీఎస్ ఆరుబయటే 3 నుంచి 5 మీటర్లు తప్పుతుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. 200 మీటర్ల హద్దు వెంట 5 మీటర్లు తప్పితే 1,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు పాతిక సెంట్లు అటో ఇటో పోయినట్టే. సర్వేయరు రాళ్లు పాతాకే డబ్బు ఇవ్వండి. లింకు దస్తావేజులు, అప్పులు, పన్ను బకాయిలు ఎలాగూ చూస్తారు కాబట్టి వాటి మీద ఎక్కువ చెప్పను. భూగర్భ జలం, ఖనిజం మీది హక్కులు మాత్రం కొన్ని దేశాల్లో నేల నుంచి విడిగా అమ్ముడవుతాయి. వాటిని పేరుపెట్టి అడగాలి.

భూమి మీదైనా అందులో కాపురం ఉండే అనుమతి వేరు. ఇది చాలామందికి మింగుడుపడదు. ఇంగ్లండ్‌లోని సర్రీలో ఒక రైతు సొంత పొలంలోనే గడ్డిమోపుల గోడ వెనక పెద్ద ఇల్లు కట్టి నాలుగేళ్లు దాచాడు. నాలుగేళ్లు ఎవరూ అడగకపోతే అప్పటి ప్రణాళికా చట్టం కింద చర్య తీసుకోవడానికి వీలుండదని అతని లెక్క. దాచి గడిపిన కాలం చెల్లదని 2010లో హైకోర్టు తేల్చింది, 2016లో ఆ ఇల్లు నేలమట్టమైంది. పక్కనే వేల్స్ 2010లో ఇలాంటి జీవనానికి సూటి దారి తెరిచింది. తిండి, ఆదాయం, ఇంధనం, వ్యర్థాల విషయంలో కనీస అవసరాలు అయిదేళ్లలో ఆ భూమి మీదే తీరతాయని ప్రణాళిక చూపిస్తే గ్రామీణ భూమిలోనూ ఇల్లు కట్టుకోనిస్తారు. సెప్టిక్ ట్యాంకుకు నేల నీటిని పీలుస్తుందో లేదో పరీక్ష, బావికీ మురుగు గుంటకూ మధ్య దూరం (చాలాచోట్ల 15 నుంచి 30 మీటర్లు), ఇంటికి కనీస విస్తీర్ణం లాంటి నిబంధనలు కొనకముందే అడగండి. చిన్న స్థలంలో ఆ దూరమే కుదరక ఇల్లు ఆగిపోతుంది.

హక్కు తేలేదాకా ఖర్చు ఎక్కడ పెట్టాలన్నది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. నేలకు శాశ్వతంగా అతికినది నేలతో పాటు పోతుందన్నది చాలా దేశాల్లో మూల సూత్రం. బోరు, కాంక్రీటు పునాది, సెప్టిక్ ట్యాంకు ఈ మూడూ వెనక్కి రావు. 400 వాట్ల ప్యానెళ్లు నాలుగు కలిపి సుమారు 90 కిలోలు, 5 యూనిట్ల లిథియం బ్యాటరీ దాదాపు 50 కిలోలు. ఇద్దరు మనుషులు, ఒక చిన్న వ్యాను చాలు. ప్యానెళ్ల స్టాండుకు కాంక్రీటు బదులు బరువులు పెట్టండి, లేదా తిప్పి బిగించే ఇనుప స్తంభాలు వాడండి. అయితే బరువు తక్కువైతే ఈదురుగాలికి స్టాండు మొత్తం లేచిపోతుంది, గాలి లెక్క చూసుకునే పెట్టాలి. నీటికి బోరు బదులు పైకప్పు. 50 చదరపు మీటర్ల రేకు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే, అయిదో వంతు పోయినా 32,000 లీటర్లు చేతికి వస్తాయి. ప్లాస్టిక్ ట్యాంకులు ఖాళీ చేసి తీసుకుపోవచ్చు. మరుగుదొడ్డికి ఎరువుగా మారే పొడి పద్ధతి సరిపోతుంది.

కొనే స్తోమత లేదు, దాక్కునే ఉద్దేశమూ లేదనుకుంటే దీర్ఘకాల లీజు మేలు. నోటిమాట లీజు మాత్రం వద్దు. భారతదేశంలో ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయాల్సిందే. అందులో నాలుగు మాటలు స్పష్టంగా రాయించుకోండి: యజమాని భూమి అమ్మినా, చనిపోయినా లీజు కొత్త యజమానిని, వారసులను కట్టిపడేస్తుందని, దారి, నీటి వాడకం లీజులో భాగమని, మీరు పెట్టినవన్నీ మీవేనని, గడువు ముగిశాక 90 రోజుల్లో విప్పుకుపోవచ్చని, నాటిన చెట్లకు ఎంత పరిహారమో, దాన్ని ఎవరు లెక్కకడతారో. ఈ చివరిది రాయకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. మామిడి కాపుకొచ్చే ఏడాదికి లీజు అయిపోతుంది, తగాదా అక్కడే మొదలవుతుంది.