ఆదివారానికి పాట సిద్ధం కావాలి: బాఖ్ ఇంటి కథ

తమ్ముడు: అందరికీ వందనాలు. ఈ రోజు జూలై 28. 1750లో ఇదే తారీఖున జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూథరన్ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ప్రభువునందు నిద్రించారు. లూథరన్ సంఘాలు ఏటా ఈ రోజున ఆయన్ని తలుచుకుంటాయి. మన గుంటూరుకు లూథరన్ మిషనరీ వచ్చింది 1842లో కాబట్టి, బాఖ్ మనకు మరీ పరాయివారేం కాదు. అక్కా, నాన్న తర్వాత మన గుడిలో కీబోర్డు దగ్గర కూర్చుంటున్నది నువ్వే. నువ్వే మొదలుపెట్టు.

అక్క: బాఖ్ అనగానే నాకు శనివారం రాత్రి గుర్తొస్తుందిరా. రేపు పొద్దున్నే ఆరాధన, పాట ఇంకా కుదరలేదు అన్న టెన్షన్ మన ఇంట్లో చూస్తూ పెరిగాం కదా. నాన్న హార్మోనియం ముందేసుకుంటే, అమ్మ వంటింట్లోంచే రెండో చరణం అందించేది. బాఖ్ ఇల్లూ అలాంటిదే. పెళ్లాం, పిల్లలు, శిష్యులు, అందరూ ఆదివారం పాట కోసం కష్టపడినవాళ్లే.

తమ్ముడు: ఆయన చిన్నతనం నుంచి చెప్పు.

అక్క: 1685లో ఐసెనాఖ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ఆ ఊరి సంగీతకారుడు. తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. ఏడాది తిరక్కుండానే తండ్రీ పోయాడు. పెద్దన్న ఇంకో ఊళ్లో ఆర్గన్ వాయించేవాడు, ఆయనే తీసుకెళ్లి పెంచాడు. అన్న దగ్గర మంచి స్వరాల పుస్తకం ఒకటి ఉండేదట. తమ్ముడికి ఇవ్వకుండా జాలీ తలుపుల బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఈ పిల్లాడు రాత్రుళ్లు ఆ జాలీలోంచి చెయ్యి దూర్చి, పుస్తకాన్ని చుట్టగా చుట్టి బయటికి లాగి, దీపం లేక వెన్నెల్లో కూర్చుని ఆరు నెలలపాటు ఎత్తి రాసుకున్నాడు. తర్వాత అన్న ఆ రాతప్రతి కూడా లాగేసుకున్నాడు. బాఖ్ పోయాక కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ మరొకరితో కలిసి రాసిన జీవిత వివరాల్లో ఈ సంగతి ఉంది. అంటే తండ్రి తన పిల్లలకు చెప్పుకున్న కథ ఇది.

తమ్ముడు: అందుకేనేమో, తన పిల్లలకు మాత్రం తనే పుస్తకాలు రాసిచ్చారు.

అక్క: అవును. పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్‌కి తొమ్మిదేళ్లప్పుడు, 1720 జనవరిలో, ఒక పుస్తకం మొదలుపెట్టారు. స్వరాలు ఎలా చదవాలి, ఏ వేలు ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర్నుంచి తన చేత్తోనే రాసిచ్చారు. ఆ ఏడాది జూలైలోనే ఆ ఇంటి మీద పిడుగు పడింది. బాఖ్ అప్పుడు కేథెన్‌లో ఒక రాకుమారుడి కొలువులో ఉన్నారు. ఆ రాకుమారుడి వెంట కార్ల్స్‌బాడ్ అనే ఊరు వెళ్లి తిరిగొచ్చేసరికి భార్య మరియా బార్బరా లేదు. బయల్దేరినప్పుడు ఆరోగ్యంగానే ఉంది. ఇంట్లో అడుగుపెట్టాకే తెలిసింది, జబ్బు చేసిందనీ, పోయిందనీ, సమాధి కూడా అయిపోయిందనీ. చివరి చూపు కూడా దక్కలేదు. ఎదురుగా నలుగురు పిల్లలు. పెద్దమ్మాయికి పదకొండేళ్లు, ఆఖరివాడికి ఐదు.

తమ్ముడు: ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుందక్కా.

అక్క: మరుసటి ఏడాది డిసెంబరులో అన్నా మాగ్దలేనాని చేసుకున్నారు. ఆమెకు ఇరవై ఏళ్లు. అదే కొలువులో జీతం తీసుకునే గాయని. నలుగురు పిల్లల తల్లిగా ఆ ఇంట్లో అడుగుపెట్టి, తను పదముగ్గురిని కన్నది. మొదటి భార్య పిల్లలు ఏడుగురు. మొత్తం ఇరవైమంది. పెరిగి పెద్దయింది పదిమందే.

తమ్ముడు: 1723లో లైప్‌జిగ్ వచ్చారు కదా. సెయింట్ థామస్ గుడి పక్కనే బడి, ఆ బడి భవనంలోనే కాపురం.

అక్క: అక్కడ ఆయన కాంటర్. అంటే బడిపిల్లలకు పాట నేర్పాలి, ఊళ్లో గుళ్ల సంగీతమంతా చూసుకోవాలి. ఆదివారం ఆరాధనలో సువార్త చదివాక, ప్రసంగానికి ముందు, ఆ రోజు వాక్యానికి తగిన కాంటాటా, అంటే వాద్యాలతో కలిపి పాడే గానం, ఒకటి పాడాలి. ఇరవై నిమిషాలు పైచిలుకు సాగుతుంది. మొదటి కొన్నేళ్లు దాదాపు ప్రతి వారానికీ కొత్తది రాశారు. ఇప్పటికి మిగిలినవే రెండు వందల దాకా ఉన్నాయి. అయితే బాఖ్ రాసేది మొత్తం పాట ఒకేచోట ఉండే ప్రతి. అందులోంచి వయొలిన్‌కి వేరే కాగితం, ఓబో అనే ఊదే వాద్యానికి వేరే, పాడే ప్రతి వరసకీ వేరే ఎత్తి రాయాలి. ఈకకలం, సిరాబుడ్డి, కొవ్వొత్తి వెలుగు. శిష్యులు రాసేవాళ్లు, కొడుకులు రాసేవాళ్లు, అన్నా మాగ్దలేనా రాసేది. రాసి రాసి ఆమె చేతిరాత భర్త రాతలాగే అయిపోయింది. ఏది ఎవరి రాతో తేల్చడానికి పండితులు చాలా కష్టపడాల్సి వచ్చింది.

తమ్ముడు: ఆమె స్వయంగా గాయని కదా. గుడిలో పాడేదా?

అక్క: లేదురా. అప్పట్లో అక్కడ గుడి క్వయర్‌లో ఆడవాళ్లకు చోటు లేదు. పై స్థాయి కూడా మగపిల్లలే పాడాలి. తను పాడగలిగిన పాటని వేరే వాళ్ల కోసం కాగితం మీద ఎత్తి రాసేది. నాకు ఆ సంగతి దగ్గరే మనసు ఆగిపోతుంది. ఇంట్లో మాత్రం పాడేది. 1730లో ఒక పాత స్నేహితుడికి రాసిన ఉత్తరంలో బాఖ్ చెప్పుకున్నారు, నా కుటుంబంతోనే కచేరీ చేయగలను, నా భార్య గొంతు స్వచ్ఛంగా ఉంటుంది, పెద్దమ్మాయి కూడా బాగానే కలుపుతుంది అని. అదే ఉత్తరంలో డబ్బు కష్టాలూ ఉన్నాయి. భూస్థాపనలకు పాడిస్తే వచ్చే రుసుము ఆయన ఆదాయంలో పెద్ద భాగం. గాలి బాగుండి చావులు తగ్గిన ఏడాది వంద థాలర్లకు (అప్పటి వెండి నాణేలు) పైగా పోయాయని రాశారు.

తమ్ముడు: ఆయన ఇంట్లోనే ఎన్ని చావులో.

అక్క: 1726 నుంచి 1733 దాకా, ఎనిమిదేళ్లలో, ఏడుగురు పసిపిల్లలు. ఒకరు ఒక్కరోజు బతికారు, ఒకరు రెండు రోజులు. కొందరికి మూడు, నాలుగేళ్లు, అంటే మాటలొచ్చిన పిల్లలు. 1727 గుడ్ ఫ్రైడే రోజున మత్తయి సువార్తలోని శ్రమల గానం మొదటిసారి పాడించింది ఈ ఏళ్ల మధ్యలోనే. బాధ వల్లే ఆ సంగీతం వచ్చిందని నేను అనను. కానీ ఇంట్లో ఉయ్యాల ఖాళీ అయిన వారం కూడా గుడిలో గంట మోగుతుంది కదా.

తమ్ముడు: పెరిగిన కొడుకుల్లో ఒకడు కూడా దుఃఖపెట్టాడు.

అక్క: బెర్న్‌హార్డ్. తల్లి పోయేనాటికి ఐదేళ్లవాడు. తండ్రి మాటసాయంతోనే ఉద్యోగం వచ్చింది. అప్పులు చేసి, 1738లో ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. అప్పులవాళ్లు తండ్రికి కబురు పెట్టారు. కొడుకు ఎక్కడున్నాడో నాకూ తెలియదు, ఈ సిలువను ఓపికగా మోయాలి అన్న అర్థంలో బాఖ్ ఉత్తరం రాశారు. మరుసటి ఏడాదే ఆ అబ్బాయి పోయాడు, ఇరవై నాలుగేళ్లకు.

తమ్ముడు: ఆయన బైబిలు సంగతి చెప్పు. నాకు అదే ఇష్టం.

అక్క: వ్యాఖ్యానంతో ఉన్న మూడు సంపుటాల బైబిలు. మూడింటి మీదా తన సంతకం, 1733 అని ఏడాది. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టిన ఏడాదే అది. రెండవ దినవృత్తాంతములు ఐదో అధ్యాయంలో, సొలొమోను మందిరంలో బూరలు ఊదేవాళ్లు, పాడేవాళ్లు ఏకస్వరంతో స్తుతిస్తుంటే మందిరం మేఘంతో నిండిపోతుంది కదా, అక్కడ అంచున తన చేత్తో రాసుకున్నారు. భక్తితో చేసే సంగీతం ఉన్నచోట దేవుడు తన కృపతో ఎప్పుడూ ఉంటాడు అని. ఎవరికో చూపించడానికి రాసింది కాదు. ఒంటరిగా చదువుకుంటూ రాసుకున్న మాట.

తమ్ముడు: ఆఖరి రోజుల్లో చూపు పోయింది.

అక్క: 1750 వసంతంలో రెండుసార్లు కంటికి ఆపరేషన్ చేశారు, చూపు రాలేదు. జూలైలో వెళ్లిపోయారు, అరవై ఐదేళ్లకు. అన్నా మాగ్దలేనాకి ఆ బడి ఇంట్లో మరో ఆరు నెలలు ఉండే వీలు దొరికింది. ఆమె తన వాటాకు వచ్చిన కాంటాటాల కాగితాలు, అదే విడివిడిగా ఎత్తి రాసినవి, థామస్ బడికి ఇచ్చేసింది. తర్వాత పదేళ్లు దాతృత్వం మీద బతికి 1760లో పోయింది. ఆ కాగితాలు లైప్‌జిగ్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

తమ్ముడు: ఈ ఆదివారం ఏం వాయిస్తున్నావక్కా?

అక్క: కీబోర్డు నేర్చుకునే ప్రతి పిల్లా మొదట్లో వాయించే జి మేజర్ మినుయెట్ అనే చిన్న నాట్య బాణీ ఉంది చూడు, అది. బాఖ్‌దే అని చాలాకాలం అనుకున్నారు కానీ, అది క్రిస్టియన్ పెట్సోల్డ్ అనే ఆయనది. నచ్చి, అన్నా మాగ్దలేనా 1725 నాటి తన నోటుపుస్తకంలో ఎత్తి రాసుకుంది. కానుకలు పట్టేటప్పుడు నాన్న హార్మోనియం మీద వాయిస్తాను. దాని బెలోస్‌కి, అదే గాలితిత్తికి, కొత్త తోలు వేయించాను, శనివారం రాత్రి వచ్చి విను.