కడపలో సీఫుడ్ రెస్టారెంట్‌కి వెళ్తే ఏం ఆర్డర్ చెప్పాలి?

(తెర మీద: వేడి పెనం మీద వంజరం ముక్క, చుట్టూ కరివేపాకు చిటపటలు)

కడప నుంచి సముద్రం చూడాలంటే బద్వేలు మీదుగా నెల్లూరు దాటి పోవాలి. 150 కిలోమీటర్ల పైమాటే. అయినా ఏ చైన్ సీఫుడ్ రెస్టారెంట్‌లో మెనూ తెరిచినా "ఫ్రెష్" అనే మాట మొదటి పేజీలోనే పలకరిస్తుంది. ఆ మాటను కాసేపు పక్కన పెడదాం. చేప మన ఊరికి ఎలా వస్తుంది, దాన్నిబట్టి ఏం తింటే డబ్బుకు న్యాయం జరుగుతుంది, అది చూద్దాం.

(తెర మీద: థర్మాకోల్ పెట్టె, ఐసు పలుకుల మధ్య చేపలు)

ఐసు పెట్టిన చేప అనగానే మనలో చాలామంది ముఖం చిట్లిస్తారు. సముద్రం లేని ఊళ్లో చేపను కాపాడేదే ఐసు. పడవలోనే ఐసులో పడి, అదే చలిలో వంటగది దాకా వచ్చిన చేపకు ఢోకా లేదు. ఎండలో గంటలకొద్దీ బండి మీద పడున్న "తాజా" చేప కన్నా అది చాలా నయం.

చెడగొట్టేది వేరే ఉంది. గడ్డకట్టిన చేప దారిలో కరిగి, మళ్లీ గడ్డకట్టడం. గడ్డకట్టేటప్పుడు కండలోని నీళ్లు ఐసు పలుకులై కండను చీలుస్తాయి. కరిగితే ఆ నీళ్లతో పాటు రుచీ కారిపోతుంది. అదే రెండోసారి జరిగిందా, ముక్కకు ఇక పట్టు ఉండదు. పొరలు పొరలుగా విడాల్సిన వంజరం నోట్లో ముద్దగా నలిగితే, తప్పు మసాలాది కాదు.

(తెర మీద: క్యాలెండర్‌లో ఏప్రిల్, మే, జూన్ పేజీలు)

ఇంకో సంగతి క్యాలెండర్‌లో ఉంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. పడమటి తీరంలో ఆ నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. అంటే మే నెలలో మీ ప్లేట్లోకి వచ్చిన వంజరం, చందువ చాలావరకు అవతలి తీరం నుంచైనా రావాలి, ఫ్రీజర్లోంచైనా రావాలి. సర్వర్‌ని నిలదీసి లాభం లేదు. చైన్ అంటేనే ఏడాదంతా, అన్ని ఊళ్లలో, ఒకే మెనూ. ఫ్రీజర్ లేకుండా అది జరిగే పని కాదు. ఆ రెండు నెలలు సముద్రపు చేపకు ఎక్కువ రేటు పెట్టకండి, అంతే.

(తెర మీద: రొయ్యల వేపుడు ప్లేటు)

రొయ్యలకు ఈ గొడవ తక్కువ. సీఫుడ్ అంటున్నాం గానీ మన ప్లేట్లోకి వచ్చేవి చాలావరకు చెరువు రొయ్యలు. వాటిలో ఎక్కువగా ఉండేది వనామి రకం. అది అసలు పసిఫిక్ తీరపు జాతి. మన దేశంలో 2009లో దాని సాగుకు అనుమతి వచ్చింది. ఇప్పుడు సాగు రొయ్యల్లో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. వేట నిషేధంతో వీటికి పనిలేదు.

చూడాల్సింది కౌంట్. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. 30 కౌంట్ అంటే పెద్దవి, 100 కౌంట్ అంటే చిన్నవి. మెనూలో ప్లేటు రేటు ఉంటుంది, ఎన్ని వస్తాయో ఉండదు. "ఎన్ని పీసులు వస్తాయన్నా?" అని అడగండి. మనోళ్లకు ఇక్కడే మొహమాటం. పిండి మందంగా పట్టించిన వేపుడులో 100 కౌంట్ కూడా భలే బొద్దుగా కనిపిస్తుంది మరి.

అపోలో ఫిష్‌కి మొదట్లో వాడింది కొర్రమీను. ఇప్పుడు చాలాచోట్ల బాసా. ముల్లు లేదు, వాసన లేదు, పిల్లలు మారాం చేయకుండా తింటారు. కానీ అది మంచినీటి చేప. సముద్రపు చేప రేటు దానికి ఇవ్వక్కర్లేదు.

పీతలకు తూకం డొల్లతో కలిపి. బాగా ఆకలి మీద వెళ్లిన రోజు వద్దు.

(తెర మీద: కానాగంతలు, ట్యూనా, వంజరం పక్కపక్కన)

ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ మూడూ ఒకే కుటుంబపు చేపలు. చలి సరిగ్గా అందకపోతే వీటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఎంత ఉడికించినా, ఎంత వేయించినా పోదు. నాలుక మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ప్లేటు పక్కకు నెట్టేయండి. మన కారంలో ఆ చురుకు పట్టుకోవడం కష్టమేననుకోండి. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

(తెర మీద: రాగి సంగటి, పక్కన గిన్నెలో చేపల పులుసు)

ఇంతకీ ఏం చెప్పాలి? కడపలో నా ఓటు పులుసుకే, అదీ రాగి సంగటితో. పులుసుకు సముద్రమే కావాలని లేదు. సోమశిల జలాశయం నీళ్లు వెనక్కి మన జిల్లాలోకే వస్తాయి. బొచ్చె, శీలావతి లాంటి మంచినీటి చేపలు సముద్రపు చేపలంత దూరం ప్రయాణం చేయక్కర్లేదు. ముల్లు, తలకాయ ఉన్న ముక్కలైతే రసంలోకి రుచి దిగుతుంది. చైన్లలో ముల్లు తీసిన ఫిల్లెట్ ముక్కలు వేసి పులుసు అంటారు, అది చింతపండు గ్రేవీ మాత్రమే. మెనూలో నెల్లూరు చేపల పులుసు అని ఉంటే మామిడికాయ ముక్క పడిందో లేదో అడగండి. జవాబు తడబడిందంటే రొయ్యలకు మారిపోండి.

(తెర మీద: బిల్లు కాగితం దగ్గరగా)

బిల్లులో మామూలుగా జీఎస్టీ 5 శాతం ఉంటుంది, అది కట్టాల్సిందే. సర్వీస్ ఛార్జ్ అలా కాదు. అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని చెప్పండి. వినకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు.

మిగిలిన వేపుడు పార్సిల్ కట్టించకండి, డబ్బాలో ఆవిరికే మెత్తబడిపోతుంది. పులుసు మిగిలితే మాత్రం వదలొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగించి దోశలోకి వేసుకోండి. రాత్రి తిన్నదానికన్నా బాగుంటుంది.